‘ఏమీ లేదు’ అనే నిదానం: ఉత్తర సర్కారుల తీరంలో తిమ్మిరి, అరికాళ్ళ మంట, వాటిని నమ్మిన చరిత్ర

ఉపోద్ఘాతం

కాకినాడకు ఈశాన్యంగా, సముద్రం ఏటేటా కోసుకుంటూ వస్తున్న ఒడ్డున ఉంది ఉప్పాడ. జాందానీ నేతకూ చేపల వేటకూ పేరుపడిన ఊరు. గుంట మగ్గంలోకి కాళ్ళు దింపి పొద్దస్తమానం కూర్చునే నేతపనివారూ, తెల్లవారకముందే పడవలు తోసుకుపోయే మత్స్యకారులూ ఒంట్లో బాగోలేనప్పుడు వాడే మాటలు గోదావరి ప్రాంతమంతటా వినిపించేవే: కాళ్ళు తిమ్మిర్లు, అరికాళ్ళు మంటలు, పిక్కలు లాగుడు, చేతులు మొద్దుబారడం, ఒళ్ళంతా సలుపు. ఈ బాధలన్నిటికీ ఒక సమాన లక్షణం ఉంది. ఇవి పైకి కనబడవు. పుండు కంటికి కనబడుతుంది, జ్వరం చేతికి తగులుతుంది, వాపును నొక్కితే గుంట పడుతుంది. తిమ్మిరికీ మంటకూ ఉన్న సాక్షి మాత్రం అనుభవించే మనిషి ఒక్కరే. ఆ సాక్ష్యాన్ని విన్నవారు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు.

పరీక్షలన్నీ చేయించి, కాగితాలు తిరగేసి, వైద్యుడు ‘ఏమీ లేదమ్మా’ అంటాడు. తెలుగులో ఈ మాటకు రెండు ముఖాలున్నాయి. ప్రాణానికి ముప్పు లేదన్న ఊరట ఒకటి. నువ్వు చెబుతున్నది లేదన్న కొట్టివేత రెండోది. ఆయుర్వేద పరిభాషలో రోగకారణాన్నీ లక్షణాలనూ నిర్ణయించడాన్ని ‘నిదానం’ అంటారు. ‘ఏమీ లేదు’ అనేది రోగాన్ని కాక రోగి మాటను నిర్ణయించే నిదానం. ఇంటికి వచ్చాక దానికి కొనసాగింపు ఉంటుంది: ‘డాక్టరుగారే ఏమీ లేదన్నారు కదా!’ ఆపైన ఆ మనిషి బాధ చెప్పుకొంటే అది ‘వేషం’, ‘పని తప్పించుకొనే ఎత్తు’, ‘మనసులో పెట్టుకోవడం’.

ఈ అపనమ్మకానికి ఉత్తర సర్కారుల తీరంలో, అంటే కృష్ణా, గోదావరి మండలాల నుంచి విశాఖ, గంజాం దాకా పరుచుకున్న కోస్తాలో, ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. కాళ్ళ తిమ్మిరితో మొదలయ్యే బెరిబెరి వ్యాధికి భారతదేశంలో ప్రధాన స్థావరం ఈ తీరమే. అరికాళ్ళ మంట అనే మరో బాధకు వైద్యశాస్త్రంలో స్థానం రావడానికి 1826 నుంచి 1946 దాకా పట్టింది. ఈ రెంటి చరిత్రను పక్కపక్కన పెట్టి చదివితే, రోగి మాటను వైద్యం ఎప్పుడు నమ్మింది, దేన్ని చూసి నమ్మింది అన్న ప్రశ్నకు కొంత స్పష్టత వస్తుంది. ఈ వ్యాసం ఆ ప్రయత్నం.

నమోదైన మాట

మొదటి ఆంగ్ల–బర్మా యుద్ధం 1824 నుంచి 1826 వరకు జరిగింది. ఆ కాలంలో బర్మాలో ఉన్న భారతీయ సిపాయిలు కొందరు అరికాళ్ళు భరించలేనంతగా మండుతున్నాయని చెప్పుకొన్నారు. జె. గ్రియర్సన్ అనే వైద్యుడు 1826లో కలకత్తా వైద్య, భౌతిక శాస్త్ర సంఘం సంపుటిలో దీని గురించి రాశాడు. స్థానికుల అరికాళ్ళలో కలిగే మంటను గురించి అన్నది ఆ రచన శీర్షిక. శీర్షికలో రెండు విషయాలు గమనించదగ్గవి. రోగి చెప్పిన బాధనే అతడు రోగం పేరుగా పెట్టాడు. దానికి ఒక లాటిన్ పేరు తగిలించి, మరో రోగంలో కలిపేసి, చేతులు దులుపుకోలేదు. ఇది చిన్న విషయం కాదు. అయితే అదే శీర్షికలో ‘స్థానికుల’ అన్న మాట ఆ మంటను ఒక జాతి లక్షణంగా దూరంగా నిలబెడుతుంది. నమ్మకం, దూరం ఒకే వాక్యంలో ఇమిడి ఉండడం వలసపాలన నాటి వైద్యరచనల్లో తరచుగా కనిపించేదే. (ఉత్తర భారతంలో సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు వచ్చిందే తెలుగునాడు నుంచి. కుంఫిణీ సైన్యాల అరికాళ్ళలో తెలుగు అరికాళ్ళు తక్కువేమీ కాదు.)

తర్వాత తొమ్మిదేళ్ళకు మద్రాసు నుంచి రెండు రచనలు వచ్చాయి. రెండూ 1835 నాటివే, రెండూ మద్రాసు వైద్యశాఖకు చెందిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ రాసినవే. ఒకటి బెరిబెరి చరిత్రనూ చికిత్సనూ వివరించే బహుమతి వ్యాసం. ఉత్తర సర్కారుల బెరిబెరిని అధ్యయనం చేసేవారు ఇప్పటికీ దానితోనే మొదలుపెడతారు. రెండోది భారతదేశంలో వ్యాపించిన కొన్ని రకాల రుమాటిజంపై పరిశీలనలు. అరికాళ్ళ మంట ఈ రెండో పుస్తకంలోకి వెళ్ళింది. ఆనాడు రుమాటిజం అన్నది వాపు లేని నొప్పులన్నీ పడేసే పెద్ద గంప. గ్రియర్సన్ దగ్గర తన పేరుతో తాను నిలబడ్డ బాధ మాల్కంసన్ దగ్గర మరో రోగపు శాఖ అయింది. మాల్కంసన్ శ్రద్ధగల పరిశీలకుడు. అతణ్ణి తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. రోగి చెప్పిన మాట తెలిసిన గంపలో పడకపోతే దాన్ని పట్టే గంపకోసం వెతకడం వైద్యుడికి సహజం. ఆ క్రమంలో మాట రూపు మారుతుంది.

ఎలా మారుతుందో తెలుగు వైపు నుంచి చూడాలి. నొప్పి అన్నది తెలుగులో ఒక్కటి కాదు. పోటు లోపల నుంచి పొడుస్తుంది. సలుపు ఆగి ఆగి వస్తుంది, పండిన వేలులో ఉండేది అదే. తీపు కండరంలో ఉంటుంది, నడక ఎక్కువైన నాటి రాత్రి పిక్కల్లో కనబడేది. గుంజుడు నరాన్ని పట్టి లాగినట్టుంటుంది. పీకుడు ఎముకలో. తిమ్మిరిలో స్పర్శ తగ్గి చీమలు పాకినట్టుంటుంది. మొద్దుబారినప్పుడు ఆ చీమలు కూడా ఉండవు. మంట అన్నిటికన్నా వేరు: చర్మం చల్లగానే ఉంటుంది, లోపల మాత్రం నిప్పు. ఈ భేదాలు చదువుకున్నవారు కల్పించినవి కావు, కూలి చేసే మనిషికి తెలిసినవి. ఇవన్నీ ఆంగ్లంలోని ఆస్పత్రి చీటీ మీదికి ఎక్కేసరికి ‘పెయిన్’, ‘వీక్‌నెస్’ అనే రెండు మాటలుగా కుదించుకుపోతాయి. బాధ భాషను ధ్వంసం చేస్తుందని ఎలైన్ స్కారీ 1985లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథంలో వాదించింది. అనుభవించేవారికి బాధంత నిశ్చయమైనది లేదనీ, వినేవారికి దానంత సందేహాస్పదమైనది లేదనీ కూడా అంది. రెండో మాటతో పేచీ లేదు. మొదటిది మాత్రం తెలుగు ఉదాహరణల ముందు నిలవడం కష్టం. ఇక్కడ భాషకు లోటు లేదు, లోటంతా వినే చోట ఉంది. ఆధునిక వైద్యం కూడా ఈ సంగతిని ఆలస్యంగానైనా గుర్తించింది. రోనాల్డ్ మెల్జాక్ 1975లో తయారుచేసిన మెక్‌గిల్ ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే మాటలు 78 ఉన్నాయి. మాటను బట్టి రోగాన్ని పట్టవచ్చన్నది దాని మూలసూత్రం.

స్వదేశీ వైద్యం ఈ విషయంలో భిన్నంగా ప్రవర్తించింది. సుశ్రుత సంహిత నిదానస్థానంలో వాతవ్యాధుల మధ్య పాదదాహం, పాదహర్షం అని రెండు వేర్వేరు పేర్లున్నాయి. ఒకటి అరికాళ్ళ మంట, రెండోది తిమ్మిరి. అందువల్ల వైద్యుడి దగ్గరికి వెళ్ళి ‘కాళ్ళు మండుతున్నాయండి’ అన్న మనిషికి కనీసం ‘వాతం చేసింది’ అన్న జవాబు దొరికేది. ఆ జవాబు రోగాన్ని కుదిర్చిందని చెప్పలేం. బెరిబెరిని వాతమని పిలిచి పథ్యం పెడితే ప్రాణం నిలవదు. అయినా పేరు దొరకడం వేరు, ‘ఏమీ లేదు’ అనిపించుకోవడం వేరు. రోగులు నేటికీ రెండు వైద్యాల మధ్య తిరగడానికి గల కారణాల్లో ఇదొకటి. దాన్ని మూఢత్వమని తోసివేసే పరిశోధకులు ఈ తేడాను పట్టించుకోలేదు.

తవుడు, గంజి, కుడితి

బెరిబెరి అన్న పేరుకు సింహళ భాషలో ‘అశక్తత’ అనే అర్థమున్న మాటను రెండుసార్లు పలకడమే మూలమన్న వ్యుత్పత్తి ప్రచారంలో ఉంది. ‘చేతకాదు, చేతకాదు’ అన్నమాట. అదే నిజమైతే ఒక ఫిర్యాదే రోగానికి పేరైనట్టు. ఈ రోగం పాదాల తిమ్మిరితో, పిక్కల నొప్పితో మొదలవుతుంది. తర్వాత కాళ్ళు ఈడుస్తారు, కూర్చుంటే లేవలేరు. మరో రూపంలో ఒళ్ళు ఉబ్బి, గుండె ఆగిపోతుంది. మొదటి దశలో మనిషి చూడడానికి ఆరోగ్యంగానే ఉంటాడు. కళ్ళంలోనో పడవ మీదో ‘కాళ్ళు నావి కానట్టున్నాయి’ అన్న కూలివాడికి ఏ బిరుదు దక్కుతుందో ఊహించడం కష్టం కాదు. తెలుగులో ‘పనిదొంగ’ అన్న మాట ఊరికే పుట్టలేదు.

కారణం బియ్యంలో ఉంది. ధాన్యపు పైపొరలోనూ మొలకలోనూ ఉండే థయమిన్ అనే విటమిన్ తవుడుతో పాటు వెళ్ళిపోతుంది. తమిళనాడులోనూ బెంగాల్లోనూ ధాన్యాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆపైన దంచే ఉప్పుడు బియ్యం వాడుక ఎక్కువ. ఉడికేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, పాలిష్ చేసినా కొంత మిగులుతుంది. ఉత్తర సర్కారుల్లో పచ్చి బియ్యమే ఆనవాయితీ. దాన్ని ఎంత తెల్లగా చేస్తే అంత గౌరవం. కడుగునీళ్ళు పారబోసి, గంజి వార్చితే మిగిలినదీ పోతుంది. ఆ తవుడూ కడుగునీళ్ళూ గంజీ కుడితి తొట్టిలో చేరి గేదెల పాలయ్యేవి. కాళ్ళు తిమ్మిరెక్కిన మనిషికి కావలసిన మందు అతని పెరట్లో పశువు తాగుతోంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా వరిసీమ అయింది. పంతొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది మొదట బియ్యపు మరలు పెరిగాయి. దంపుళ్ళ మీద బతికే ఆడవాళ్ళ కూలి పోయింది. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యం కోసం ప్రచారం చేయడానికి ఉపాధి, ఆరోగ్యం రెండూ కారణాలే. అయితే నేరమంతా మరదే అనడం చారిత్రకంగా సరికాదు. మాల్కంసన్ 1835లోనే ఈ తీరపు బెరిబెరిని వర్ణించాడు, అప్పటికి ఇక్కడ మరలు లేవు. రోకలితోనైనా తెల్లగా దంచిన పచ్చి బియ్యం ముప్పే. మర ఆ తెల్లదనాన్ని పేదవాడికి కూడా అందుబాటులోకి తెచ్చింది. సొంత ధాన్యం లేక రోజు కూలితో అంగట్లో బియ్యం కొనుక్కునే వృత్తికులాలకు దంపుడు బియ్యం ఎంచుకొనే వీలు సహజంగానే తక్కువ. చేనేత, మత్స్యకార గ్రామాలు ఈ కోవలోనివే. గంజి తాగేవారిని, తరవాణి తాగేవారిని చిన్నచూపు చూసిన సమాజం వారి ఒంట్లో మిగిలిన కాస్త రక్షణను కూడా చిన్నచూపు చూసింది.

కోడి సాక్ష్యం

కాళ్ళ తిమ్మిరి తిండి వల్లనే అని వైద్యలోకం ఎలా నమ్మింది? రోగుల మాట విని కాదు. జావాలో డచ్చి ప్రభుత్వపు ప్రయోగశాలలో క్రిస్టియాన్ ఐక్‌మన్ పెంచుతున్న కోళ్ళు 1890 ప్రాంతంలో కాళ్ళు పడిపోయి నడవలేకపోయాయి. ఆస్పత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వాటికి పెడుతున్నారని, ముడిబియ్యం పెడితే కోలుకుంటున్నాయని తేలింది. తర్వాత అడాల్ఫ్ వార్డర్‌మన్ జావాలోని నూరుకు పైగా జైళ్ళ లెక్కలు తీశాడు. తెల్లబియ్యం పెట్టే జైళ్ళలో బెరిబెరి విపరీతంగా ఉంది, తవుడు మిగిల్చిన బియ్యం పెట్టే జైళ్ళలో చాలా తక్కువ. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథను పాఠ్యపుస్తకాలు శాస్త్రవిజయంగా చెబుతాయి, అది నిజమే. దీన్ని మరో వైపు నుంచి కూడా చదవవచ్చు. కోడి నటించదు. కోడికి పని తప్పించుకోవలసిన అవసరం లేదు. దాని కాళ్ళు పడిపోతే అనుమానించడానికి కారణం ఉండదు. మనిషి చెప్పినప్పుడు రుమాటిజమో, సముద్రపు గాలో, నేలలోని విషవాయువో, సోమరితనమో అయిన తిమ్మిరి, పక్షిలో కనబడ్డాకనే తిండికి సంబంధించిన ప్రశ్న అయింది. ఖైదీల సంగతీ అంతే. ఏ ఒక్క ఖైదీ ఫిర్యాదూ చాలలేదు, లెక్కల పట్టిక కావలసివచ్చింది. నరాల వైద్యంలోనూ ఇదే దారి నడిచింది. మోకాలి చిప్ప కింద తట్టితే కాలు ఎగరడాన్ని ఎర్బ్, వెస్ట్‌ఫాల్ విడివిడిగా 1875లో వర్ణించారు. బెరిబెరి ముదిరిన కాలు ఎగరదు. అప్పటినుంచి వైద్యుడికి రోగి మాటతో నిమిత్తం లేని గుర్తు ఒకటి చేతికి వచ్చింది.

రోగినే కాదు, రోగం తిండిలో ఉందన్న వైద్యుణ్ణి కూడా నమ్మని సందర్భం జపానుది. నౌకాదళ వైద్యుడు తకాకి 1884లో ఓడల్లో భోజనం మార్చి బెరిబెరిని దాదాపు తుడిచిపెట్టాడు. సైనికదళపు వైద్యులు, వారిలో ప్రముఖ రచయిత మోరి ఓగై ఒకరు, ఒప్పుకోలేదు. రష్యా–జపాన్ యుద్ధంలో తెల్లన్నం తిన్న జపాను సైనికులు వేల సంఖ్యలో బెరిబెరితో మరణించారు.

మన తీరం సంగతి కూనూరులో తేలింది. రాబర్ట్ మెక్‌కారిసన్, నారిస్ 1924లో భారతదేశపు బియ్యానికీ బెరిబెరికీ గల సంబంధంపై పరిశోధన ప్రకటించారు. ఆయన తర్వాత వచ్చిన డబ్ల్యు. ఆర్. ఏక్రాయిడ్ బృందం 1940లో భారతదేశపు బియ్యం సమస్యపై వెలువరించిన గ్రంథం సర్కారుల బెరిబెరినీ పచ్చి మరబియ్యపు వాడుకనూ కలిపి చూసింది. మాల్కంసన్ నుంచి లెక్కిస్తే నూరేళ్ళు దాటింది.

బాలింతలు

ఇదే పరిశోధనలో భాగంగా ఏక్రాయిడ్, కృష్ణన్ 1941లో మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాలను పరిశీలించారు. థయమిన్ కొరవడిన తల్లి పాలు తాగే బిడ్డకు సాధారణంగా రెండు నుంచి ఐదో నెల మధ్య ఈ రోగం వస్తుంది. బొద్దుగా, బాగానే ఉన్నట్టు కనబడే బిడ్డ గంటల్లో పోవచ్చు. ఒక రూపంలో బిడ్డ గొంతు పోతుంది: నోరు తెరిచి ఏడుస్తుంది, శబ్దం రాదు. ఫిలిప్పీన్స్‌లోనూ జపానులోనూ వైద్యులు వర్ణించిన లక్షణమిది.

ఈ సందర్భంలో అపనమ్మకం తల్లి మీదికి రెండింతలై వస్తుంది. రాత్రి పాలు తాగిన బిడ్డ తెల్లారేసరికి లేడంటే ఇంటివారు వెతికేది తల్లి తప్పునే: పత్యం తప్పింది, పాలు చెడ్డాయి, పక్కమీద సరిగా చూసుకోలేదు, దిష్టి తగిలింది. నిజానికి పత్యం తప్పడం వల్ల కాదు, కొన్ని ఇళ్ళలో పాటించడం వల్లే నష్టం ఎక్కువైంది. బాలింతకు పప్పులూ కూరలూ మాన్పించి తెల్లన్నమూ కారప్పొడీ పెట్టే కట్టడి, అసలే థయమిన్ లేని తిండిని ఇంకా పలచన చేస్తుంది. ‘పాలు చెడ్డాయి’ అన్న అత్తగారి మాటలో ఒక సత్యం ఉంది, పాలలో లోపం ఉన్నమాట వాస్తవం. అది తల్లి దోషమైపోవడం అందులోని అన్యాయం. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఆ తల్లి గర్భిణిగా ఉన్నప్పుడే చెప్పి ఉంటే, ‘కడుపుతో ఉన్నప్పుడు అవన్నీ మామూలే’ అన్న జవాబు వచ్చి ఉంటుంది. ‘మామూలే’ అన్నది ‘ఏమీ లేదు’కు తోడబుట్టిన మాట. స్త్రీల శరీరానికి సంబంధించినంతవరకు దానికన్నా ఎక్కువ వాడుకలో ఉన్నది.

మంటకు పట్టిన కాలం

బెరిబెరికి చివరకు గుర్తులున్నాయి. అరికాళ్ళ మంటకు అవి కూడా లేవు. కాలు ఎగురుతుంది, నడక బాగుంటుంది, చర్మం మామూలుగా ఉంటుంది. రాత్రి అయ్యేసరికి నిద్ర పట్టదు. తడిగుడ్డ చుట్టుకుంటారు, చన్నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుంటారు. పగలు చూసిన వైద్యుడికి రాత్రి సంగతి తెలియదు.

రెండో ప్రపంచయుద్ధంలో జపాను చెరలో ఉన్న ఆంగ్లేయ తదితర సైనికులకు ఇదే మంట వచ్చింది. కాళ్ళు నేలమీద ఆనలేక తొక్కుతూ తిరిగే తమ స్థితికి వారు ‘హ్యాపీ ఫీట్’ అని వెక్కిరింత పేరు పెట్టుకున్నారు. 1826లో సిపాయిలు చెప్పినదాన్ని తెల్లవారు, వారిలో వైద్యులు సైతం, స్వయంగా అనుభవించిన సందర్భమది. ఆ తర్వాత వైద్యపత్రికల్లో ఈ బాధ గురించి రాతలు పెరిగాయి. ఎవరి కాలు మండింది అన్నది శాస్త్రానికి సంబంధం లేని ప్రశ్న కావాలి. చరిత్రకు మాత్రం సంబంధం ఉంది.

దక్షిణ భారతపు పేదల్లో ఈ బాధను క్రమబద్ధంగా పరిశీలించి సి. గోపాలన్ 1946లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు. ఇతర విటమిన్లకు లొంగని మంట కాల్షియం పాంటోథెనేట్‌తో తగ్గుతున్నదని ఆయన చూపారు. గ్రియర్సన్, గోపాలన్ ఇద్దరి పేర్లతో ఈ బాధకు వైద్యనిఘంటువుల్లో చోటు దొరికింది. హైదరాబాదుకు తరలిన కూనూరు సంస్థ తర్వాతి కాలంలో గోపాలన్ నాయకత్వంలో జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందింది.

ఇక్కడ గోదావరి డెల్టాకు చెందిన ఒక పేరు కలుస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1939లో జార్జ్ హిచింగ్స్‌తో కలిసి ఎలుకల పోషణలో పాంటోథెనిక్ ఆమ్లం పాత్రపై పత్రం ప్రకటించారు. గోపాలన్ వాడిన మందు ఆ పదార్థపు లవణమే. సుబ్బారావు జీవితంలో ఈ వ్యాస విషయం మరో రకంగా కూడా ఉంది. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో పోయారు. తానూ అదే రోగంతో మంచం పట్టినప్పుడు కుదిర్చినది ఆయుర్వేదం చేపట్టిన ఆచంట లక్ష్మీపతి. ఆయన నాయకత్వంలోని లెడర్లీ బృందం 1945లో సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ చికిత్సకు ఉపయోగపడింది. పాశ్చాత్య వైద్యం చదివి, దాని చేత కానిదాన్ని సొంత ఒంట్లో చూసిన మనిషి ఆ లోటును పూరించే పనికి పూనుకున్నాడు. ఆయన్ను మేధావిగా కీర్తించే తెలుగు రచనలు ఆ రోగిని గురించి తగినంత మాట్లాడలేదన్నది నా అభిప్రాయం.

‘అట’

తెలుగు అధ్యాపకుడిగా నాకు ఈ చరిత్రలో ఆసక్తి కలిగించే అంశం ఒక చిన్న మాట. తెలుగులో బాధపడే మనిషి వాక్యానికి కర్త కాడు. ‘నాకు నొప్పిగా ఉంది’, ‘నాకు తిమ్మిరెక్కింది’ అంటాడు. నొప్పి వస్తుంది, పట్టుకుంటుంది, లాగుతుంది, తగ్గుతుంది. మనిషి ‘కు’ ప్రత్యయంతో పక్కన నిలబడి ఉంటాడు. ఈ నిర్మాణంలో నటనకు చోటు లేదు, ఎందుకంటే చేసేవాడు అతను కాడు. ఇదే వాక్యం వేరొకరి నోట్లోకి వెళ్ళగానే దాని తోక మారుతుంది. కూడా వచ్చిన కొడుకో కోడలో వైద్యుడితో అంటారు: ‘కాళ్ళు మండుతున్నాయంటండి’. శిష్టవాడుకలో ‘అట’, గోదావరి వాడుకలో ‘అంట’.

‘అట’ విన్నమాటను విన్నదిగా చూపే నిజాయితీ గల మాట. నేను చూడలేదు, చెబితే విన్నాను అని ఒప్పుకొంటుంది. కథలు చెప్పేటప్పుడు అది లేకపోతే తెలుగు లేదు. అందువల్ల దీన్ని అపనమ్మకపు గుర్తు అని తేల్చేయడం తొందరపాటు. అయినా స్వరం కొద్దిగా మారితే చాలు, ‘నొప్పంట!’ అన్నది వెక్కిరింతవుతుంది. ఒకరి అనుభవం మీద ఇతరులకు హామీ ఉండే బాధ్యతను అది తొలగిస్తుంది. ఆంగ్లపు చీటీ మీద దానికి సరిజోడు ‘కంప్లెయిన్స్ ఆఫ్’. రోగి ఫిర్యాదు చేస్తున్నాడు, నిర్ధారణ మాది అన్న అర్థం. రోగి నోట్లో ఉన్న ‘మండుతున్నాయి’ అనే నిశ్చయం, ఇంటివారి ‘అంట’ మీదుగా, చీటీలోని ఫిర్యాదుగా మూడు మెట్లు దిగుతుంది. మిరాండా ఫ్రికర్ 2007లో ప్రతిపాదించిన సాక్ష్యపరమైన అన్యాయం అనే భావన, అంటే మాట్లాడే మనిషి ఎవరన్నదాన్ని బట్టి మాట విలువ తగ్గించడం, ఇక్కడ వ్యాకరణంలోనే కనబడుతుంది. పెద్దరికం ఉన్న మగవాడు తన నొప్పి తానే చెబుతాడు, మధ్యలో ‘అంట’ ఉండదు. ముసలి తల్లికి, కొత్త కోడలికి, మాట స్పష్టంగా రాని కూలికి అది ఉంటుంది.

ఉప్పాడ, నేడు

థయమిన్ మాత్రలు అతిచవకగా దొరికే ఈ కాలంలో పాత బెరిబెరి ఇక్కడి ప్రధాన సమస్య కాదు. అరికాళ్ళ మంట అనగానే నేటి వైద్యుడు మొదట చక్కెర వ్యాధిని అనుమానిస్తాడు, అది సరైన అనుమానమే. తర్వాత బి12. ఈ రెండూ మామూలుగా ఉంటే నరాల్లో విద్యుత్తు ప్రసారాన్ని కొలిచే పరీక్ష రాస్తారు. అదీ మామూలుగా వస్తే ‘రిపోర్టులన్నీ నార్మల్’. చిక్కేమిటంటే ఆ పరీక్ష లావు నరాల తీగలను మాత్రమే కొలుస్తుంది. మంటనూ వేడినీ మోసేవి సన్నని తీగలు. అవి దెబ్బతిన్నా ఆ పరీక్షలో ఏమీ కనబడదు. చర్మం నుంచి చిన్న ముక్క తీసి, పైపొరలోని నరపు తీగలను సూక్ష్మదర్శినిలో లెక్కించే పద్ధతి 1990లలో వచ్చాక, ‘నార్మల్’ అనిపించుకున్న రోగుల్లో కొందరికి నిజంగానే నరాలు దెబ్బతిన్నాయని తేలింది. గ్రియర్సన్ శీర్షికకు ఇది తాజా పాదసూచిక లాంటిది.

శరీరం సంగతే కాదు, సముద్రం సంగతిలోనూ ఈ ఊరు అదే చోట నిలబడి ఉంది. 2025 సెప్టెంబరులో ఉప్పాడ మత్స్యకారులు పరిశ్రమల వ్యర్థాలతో సముద్రం పాడై వేట పడిపోతున్నదని రోడ్డెక్కారు. నీటి రంగు, వాసన, వలలో పడే చేప తెలిసినవారి మాటకు ప్రయోగశాల అంకెలు తోడు కావలసి ఉంటుంది. తోడు కావడంలో తప్పు లేదు. అంకెలు వచ్చేదాకా ఆ మాటకు ఏ విలువ ఇస్తారన్నది ప్రశ్న.

చర్మపు ముక్క పరీక్ష పెద్ద నగరాల్లోని కొన్ని ఆస్పత్రులకే పరిమితం. ఉప్పాడ నుంచి కాకినాడ, అక్కడినుంచి విశాఖపట్నమో హైదరాబాదో వెళ్ళాలి. అంతకుముందు ఎవరో ఒక వైద్యుడు చీటీ రాయాలి, ఇంట్లో ఒకరు తోడు రావాలి. మగ్గం మీద ఇద్దరు కూర్చుని నేసే జాందానీలో ఒకరు లేచివెళితే ఆ రోజుకు నేత ఆగిపోతుంది.